అందరికంటే ఒక డెసిబెల్ ఎక్కువగా

మా బ్యాండ్‌లో నేను డ్రమ్స్ వాయిస్తాను. కాబట్టి ఈ విషయంలో నేను తటస్థుణ్ణి కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. రాక్ ఆల్బమ్‌ని "ఇంకా లౌడ్‌గా కావాలి" అంటూ పిండుతున్నకొద్దీ మొదట ప్రాణం పోయేది డ్రమ్స్‌కే. గిటార్లకి పెద్దగా ఏమీ కాదు. డిస్టార్షన్ పెట్టిన గిటార్ ఆంప్‌లోంచి వచ్చేటప్పుడే నలిగి వస్తుంది, ఇంకొంచెం నలిపినా ఎవరికీ తెలీదు. డ్రమ్ సెట్‌లో చురుగ్గా మోగే స్నేర్ సంగతి వేరు. కర్ర తగిలిన ఆ క్షణంలో శబ్దం నిటారుగా పైకి లేచి, అంతే వేగంగా పడిపోతుంది. మిగతా పాటకంటే ఎంతో ఎత్తుకి లేచే ఆ మొనలోనే దెబ్బ బలం ఉంటుంది. పాట మొత్తాన్ని లౌడ్‌గా చెయ్యాలంటే ముందు ఆ మొనలు కొయ్యాలి.

ఎందుకు కొయ్యాలో చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. డిజిటల్ ఆడియోలో సున్నా డెసిబెల్స్ అని ఒక పైకప్పు ఉంటుంది. దాన్ని దాటి ఏ శబ్దమూ పోలేదు. పాటలో అత్యంత ఎత్తైన మొన ఆ కప్పుని తాకాక, మొత్తం వాల్యూమ్ ఇంక పెంచడానికి చోటు ఉండదు. కానీ లిమిటర్ పెట్టి ఆ మొనల్ని నొక్కేస్తే పైన ఖాళీ దొరుకుతుంది, ఆ ఖాళీలోకి మిగతా పాటంతా ఎత్తొచ్చు. కప్పు ఎత్తు మారలేదు, నేలనే పైకి లేపాం. చెవికి మాత్రం పాట "పెద్దది" అయినట్టు వినిపిస్తుంది.

మా ఆల్బమ్‌లో ఇది మాస్టరింగ్ దగ్గర, అంటే విడుదలకి ముందు పాటల సౌండ్ మీద చేసే ఆఖరి పని దగ్గర, మొదలైందని చాలాకాలం అనుకున్నాం. అసలు మొదలైంది అంతకుముందే, రఫ్ మిక్స్‌ల దగ్గర, అంటే విడివిడిగా రికార్డు చేసినవన్నీ కలిపిన కచ్చా రూపాల దగ్గర. రికార్డింగ్ జరుగుతుండగానే ఏ రోజు పని ఆ రోజు లేబుల్‌కి, అంటే మా ఆల్బమ్ విడుదల చేసే కంపెనీకి, పంపించేవాళ్ళం. మిక్సింగ్ చేస్తున్న ఇంజనీరు వాటిమీద ఒక లిమిటర్ వేసి పంపేవాడు. "అది లేకుండా పంపితే పల్చగా ఉందంటారు. నిన్న విన్న వేరే బ్యాండ్ ఆల్బమ్ పక్కన పెట్టి వింటారు కదా" అనేవాడు. అందులో తప్పేం లేదు, ఆ వృత్తిలో అందరూ చేసేదే. కాకపోతే నెలల తరబడి ఆ నొక్కేసిన మిక్స్‌లే విని విని అందరి చెవులూ వాటికే అలవాటుపడ్డాయి. తర్వాత లిమిటర్ తీసేసిన మిక్స్ వినిపిస్తే మా గిటారిస్టే "ఇదేంట్రా, గాలి తీసేసినట్టుంది" అన్నాడు.

మిక్స్‌లు పూర్తయ్యాక లేబుల్‌లో మమ్మల్ని చూసుకునే ఏ అండ్ ఆర్ (బ్యాండ్లని ఎంచుకుని వాళ్ళ పాటలు చూసుకునే విభాగం) ఆయన ఫోన్ చేశాడు. పాటలు బాగున్నాయన్నాడు, గొంతు బాగుందన్నాడు. తర్వాత మాట: "కొంచెం ఎనర్జీ తగ్గినట్టుంది." లేబుల్స్ భాష కొన్నాళ్ళు వింటే అర్థాలు వాటంతటవే తెలుస్తాయి. "ఎనర్జీ" అన్నా, "పంచ్" అన్నా, "కాంపిటీటివ్‌గా లేదు" అన్నా విషయం ఒక్కటే, వాల్యూమ్ సరిపోలేదని. ఆయన కార్లో మా పాట పెట్టి, దాని వెంటే ఆ నెలలో విడుదలైన ఇంకో పాట పెట్టుకున్నాడట. మాది చిన్నగా వినిపించింది.

ఆయన్ని విలన్‌ని చెయ్యడం నాకిష్టం లేదు. రాక్ తెలిసిన మనిషి, మా డెమోలు విని మమ్మల్ని నమ్మిన మొదటి మనిషి. కానీ ఆయన మా ఆల్బమ్ అమ్మాల్సింది మా అభిమానులకి కాదు, ప్లేలిస్టులు కట్టేవాళ్ళకీ రేడియో వాళ్ళకీ. వాళ్ళు పాటకి ఇచ్చేది కొన్ని సెకన్లు. ఆ కొన్ని సెకన్లలో ముందు పాటకంటే మన పాట చిన్నగా వినిపిస్తే, ఎందుకు చిన్నగా ఉందో ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు, తర్వాతి పాటకి వెళ్ళిపోతారు. ఆ భయం ఆయనకి పైనుంచి వస్తుంది, మాకు ఆయన నుంచి వస్తుంది, మేము దాన్ని తీసుకెళ్ళి ఇంజనీరు నెత్తిన పెడతాం.

ఇంజనీరు మిక్స్‌లు మళ్ళీ తెరిచాడు. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ మొనల్ని కొంచెం క్లిప్ చేశాడు, అంటే కోసేశాడు, మిక్స్ మొత్తం మీద ఇంకో లిమిటర్ వేశాడు. వాటినే మాస్టరింగ్‌కి పంపాం.

మాస్టరింగ్ చేసేది ఒక పెద్దావిడ. మాట తక్కువ, గది నిశ్శబ్దం, స్పీకర్లు మా ఎత్తున ఉన్నాయి. మొదటి ఫైలు తెరవగానే తెరమీద వేవ్‌ఫారమ్ (శబ్దం ఎత్తుపల్లాల బొమ్మ) చూసి ఏమీ అనకుండా రెండోది తెరిచారు, మూడోది తెరిచారు. అన్నీ ఒకేలా ఉన్నాయి, ఇటుకల్లా. పల్లవి ఎక్కడో, చరణం ఎక్కడో చూసి చెప్పడానికి లేదు. "వీటిలో నేను చేసేదేముంది? ఇంకొంచెం ఉప్పు వెయ్యమంటారా?" అన్నారు. తర్వాత నెమ్మదిగా, లిమిటర్లు లేని మిక్స్‌లు తెప్పించగలరా అని అడిగారు.

ఇదేమీ మాకే వచ్చిన కష్టం కాదని ఆవిడే చెప్పారు. 2008లో మెటాలికా ఆల్బమ్ "డెత్ మాగ్నెటిక్" వచ్చినప్పుడు అభిమానులే తిరగబడ్డారు, మళ్ళీ మిక్స్ చెయ్యమని వేల సంతకాలతో విజ్ఞప్తి పెట్టారు. ఆ ఆల్బమ్ మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సన్, తన చేతికి వచ్చేసరికే మిక్స్‌లు నొక్కేసి ఉన్నాయని చెప్పుకోవాల్సి వచ్చింది. జనానికి తేడా ఎలా తెలిసిందన్నది ఇందులో అసలు తమాషా. అవే పాటలు "గిటార్ హీరో" అనే వీడియో గేమ్‌లో కూడా వచ్చాయి. అందులో ఆ చివరి నొక్కుడు లేదు. డబ్బు పెట్టి కొన్న సీడీ కంటే ఆటలో వినిపించే పాట బాగుందని కుర్రాళ్ళు కనిపెట్టేశారు. రష్ బ్యాండ్ 2002లో తెచ్చిన "వేపర్ ట్రెయిల్స్" సంగతీ అంతే. అది ఎంత నలిగిపోయిందంటే 2013లో మొత్తం ఆల్బమ్‌ని తిరిగి మిక్స్ చేయించి మళ్ళీ విడుదల చేశారు. పదకొండేళ్ళు పట్టింది.

లిమిటర్లు లేని మిక్స్‌లు వచ్చాక ఆవిడ పెట్టిన పరీక్షని కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ గొడవంతా ఆ గదిలోనే నాకు అర్థమైంది.

మా ఆల్బమ్‌లో ఒక పాట ఉంది. చరణమంతా బేస్, గొంతు, హై-హ్యాట్ (జంట సింబల్స్) అంచు మీద చిన్న టిక్కు, అంతే. చరణం చివర ఒక బీట్ పూర్తిగా ఖాళీ. తర్వాత నేను రెండు చేతులతో స్నేర్ మీద ఫ్లామ్ (దాదాపు ఒకేసారి పడే రెండు దెబ్బలు) వేస్తాను, దాంతోపాటే రెండు గిటార్లూ విరుచుకుపడతాయి. స్టేజి మీద ఆ చోట జనం ఎగురుతారు. ఆ పాటకి ఆవిడ రెండు మాస్టర్లు చేశారు. ఒకటి లేబుల్ కోరినంత లౌడ్‌గా, ఇంకోటి లిమిటర్ అప్పుడప్పుడు మాత్రమే తగిలేలా. మొదట రెండూ ఉన్నవున్నట్టు వినిపించారు. లౌడ్‌గా ఉన్నదే బాగుంది. నాకూ అదే నచ్చింది, దాచుకోవడం దేనికి.

తర్వాత ఆవిడ లౌడ్ వెర్షన్ ఫేడర్‌ని (వాల్యూమ్ మీటని) కిందికి దించారు, ఆరు డెసిబెల్స్‌కి కొంచెం అటూఇటూగా. మీటర్ మీద రెండూ ఒకే లౌడ్‌నెస్ చూపించేదాకా సర్ది, ఒక బటన్‌తో అటూ ఇటూ మారుస్తూ వినమన్నారు. అప్పుడు వినాలి. లౌడ్ వెర్షన్‌లో చరణం, పల్లవి రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఖాళీ బీట్ తర్వాత రావాల్సిన దెబ్బ రాలేదు. వచ్చింది గానీ, అట్టపెట్టె మీద కొట్టినట్టు "టప్" మని వచ్చింది. పైగా గిటార్లు మొదలైన ఆ క్షణంలో పాట అరంగుళం వెనక్కి జరిగినట్టనిపించింది. కిక్ పడ్డప్పుడల్లా గొంతు లోపలికి పోయి మళ్ళీ పైకి వస్తోంది. సింబల్ కొట్టాక దాని శబ్దం తగ్గుతూ పోవాలి కదా, ఇక్కడ కొట్టిన తర్వాత పెరుగుతోంది. లిమిటర్ పట్టు వదిలేటప్పుడు వెనకాల ఉన్నవన్నీ ఉబికి వస్తాయి మరి. ఆవిడ లిమిటర్ మీటర్ వైపు వేలు చూపించారు. నేను స్నేర్ కొట్టిన ప్రతిసారీ ముల్లు ఏడు డెసిబెల్స్ దాకా కిందికి పడుతోంది. నా బలమంతా ఆ మీటర్ తినేస్తోందన్నమాట.

రెండో వెర్షన్‌లో ఫ్లామ్ పడగానే మా గాయని ఉలిక్కిపడి నవ్వింది. ఆ నవ్వు చాలు నాకు.

మొదట లౌడ్‌గా ఉన్నదే ఎందుకు నచ్చిందంటే మన చెవి నిర్మాణమే అలాంటిది. శబ్దం చిన్నగా ఉన్నప్పుడు మనకి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి. పెంచితే నిండుగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. అందుకే ఒకే పాటని ఒక్క డెసిబెల్ ఎక్కువ పెట్టి వినిపిస్తే చాలామంది "ఇది లౌడ్‌గా ఉంది" అనరు, "ఇది బాగుంది" అంటారు. పాట అమ్మేవాళ్ళకి ఇది ఎప్పుడో తెలుసు. జ్యూక్‌బాక్స్ రోజుల్లో కూడా మన రికార్డు పక్క రికార్డు కంటే గట్టిగా మోగాలన్న పంతం ఉండేది. కాకపోతే వినైల్‌కి, అంటే ఆ రోజుల రికార్డు పళ్ళేనికి, ఒళ్ళు ఉంది. శబ్దం పెంచితే గాడి వెడల్పవుతుంది, వెడల్పైతే ఒక వైపు పట్టే నిడివి తగ్గిపోతుంది, మరీ అతి చేస్తే ముల్లు గాడిలోంచి ఎగిరిపోతుంది. 1982లో సీడీ వచ్చాక ఆ అడ్డు పోయింది. 1994లో వేవ్స్ కంపెనీ ఎల్1 అనే డిజిటల్ లిమిటర్ తెచ్చింది. రాబోయే మొనని ముందే చూసి నొక్కేస్తుంది కాబట్టి చెవికి వెంటనే పట్టుబడదు. ఒకరు ఒక డెసిబెల్ పెంచితే ఇంకొకరు రెండు. 1990లు ముగిసేసరికి రాక్ సీడీల వేవ్‌ఫారమ్‌లు చూస్తే ఒక్కటీ ఊపిరి తీసుకున్నట్టు ఉండదు. ఇన్ని చేసీ రేడియోలో ఒరిగేదేం లేదు. స్టేషన్ల దగ్గర వాళ్ళ సొంత ప్రాసెసర్లు అన్ని పాటల్నీ ఒకే ఎత్తుకి లాగుతాయి. ముందే నలిగిన పాట అక్కడ మళ్ళీ నలుగుతుంది, అంతే తేడా.

ఇక లేబుల్‌ని ఒప్పించాలి. పిల్లి మెడలో గంట కట్టేదెవరు అని మేము మొహాలు చూసుకుంటుంటే ఆవిడే దారి చూపించారు. ఒకే పాటని మూడు రకాలుగా మాస్టర్ చేసి, మూడింటి వాల్యూమ్ సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా పంపారు. ఇలా మూడు వెర్షన్లు పంపడంలో పెద్ద ఉదాహరణే ఉంది. గన్స్ ఎన్ రోజెస్ "చైనీస్ డెమోక్రసీ"కి మాస్టరింగ్ చేసిన బాబ్ లడ్‌విగ్ కూడా మూడు వెర్షన్లు ఇస్తే, వాళ్ళు అన్నిటికంటే తక్కువ నొక్కినదాన్నే ఎంచుకున్నారు. అది కూడా 2008లోనే, మెటాలికా గొడవ జరిగిన ఏడాదే.

మా ఏ అండ్ ఆర్ ఆయన విని, మధ్యరకం దాన్ని ఎంచుకున్నాడు. లౌడ్ వెర్షన్ గురించి "ఇదేదో బిగుసుకుపోయినట్టుంది" అని ఆయన నోటితోనే అన్నాడు. మేము పండగ చేసుకున్నాం.

మర్నాడు మళ్ళీ ఫోన్. కార్లో విన్నాడట. ఈసారి వాల్యూమ్ సమానం చేసినది కాదు, అసలు ఫైలు. పక్కన పెట్టుకున్నది అదే వేరే బ్యాండ్ పాట. "నిన్న విన్నప్పుడు బాగానే ఉంది గానీ..." అని మొదలుపెట్టాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. విషయం తెలియక కాదు, తెలిసి కూడా ఆయన తన చెవుల్ని నమ్మలేని పరిస్థితిలో ఉన్నాడు. రేపు ఆల్బమ్ ఆడకపోతే "స్నేర్ బాగుందయ్యా" అని ఎవరూ మెచ్చుకోరు. "మిగతావాటికంటే చిన్నగా ఉంది, నువ్వు చూసుకోలేదా?" అని మాత్రం అడుగుతారు.

ఇక్కడ మా చేతిలో ఉన్న ఒకే ఒక్క గట్టి ఆయుధం స్ట్రీమింగ్. స్పాటిఫై, యూట్యూబ్ లాంటి చోట్ల అన్ని పాటల్నీ దాదాపు ఒకే లౌడ్‌నెస్‌కి తెచ్చి వినిపిస్తారు. దాన్ని లఫ్స్ అనే కొలతలో చెప్తారు. స్పాటిఫైలో మామూలు సెట్టింగ్ మైనస్ 14 లఫ్స్, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ లౌడ్ ఎక్కువ. ఈ కొలత వెనకున్న లెక్క 2006లో వచ్చిన ఒక అంతర్జాతీయ ప్రమాణం. అప్పట్లో ప్రసారాల కోసం చేశారు. 2010లో యూరప్ ప్రసార సంస్థల సంఘం దాన్నిబట్టే మైనస్ 23 అని ఒక లక్ష్యం పెట్టుకుంది. అమెరికాలో అయితే టీవీ ప్రకటనలు కార్యక్రమం కంటే గట్టిగా అరవకూడదని చట్టమే చేశారు. రాక్ సంగీతానికి ఏ చట్టమూ లేదు గానీ స్ట్రీమింగ్ వాళ్ళ లెక్కలు కొంతవరకు ఆ పని చేస్తున్నాయి.

ఆవిడ ఫోన్‌లో ఆయనకి లెక్క చెప్పారు. "మీరు అడిగే మాస్టర్ మైనస్ 8 దగ్గర ఉంది. దాన్ని వాళ్ళు ఆరు డెసిబెల్స్ తగ్గిస్తారు. మొనలు ముందే కోసేశాం కాబట్టి తగ్గించాక పాటలో అత్యంత ఎత్తైన చోటు కూడా కప్పుకి ఆరు డెసిబెల్స్ కిందే ఆగిపోతుంది. పైన ఆ జాగా అంతా ఖాళీగా పోతుంది. మైనస్ 11 దాన్ని మూడే తగ్గిస్తారు. వినేవాళ్ళకి రెండూ ఒకే లౌడ్‌నెస్, కానీ రెండోదాన్లో స్నేర్ మీ మీదికి వస్తుంది." లౌడ్‌గా చేసి సంపాదించిందంతా వాళ్ళు వెనక్కి తీసుకుంటారు, పోగొట్టుకున్న దెబ్బ మాత్రం తిరిగి రాదు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇంతకంటే బాగా ఎక్కడా అతకదు.

ఆయన ఎదురు వాదన కూడా ఒప్పుకోవాల్సిందే. వినేవాళ్ళు ఆ సెట్టింగ్ ఆపేసుకోవచ్చు. పైగా ప్లేలిస్టుల వాళ్ళకీ, ప్రకటనలకి పాటలు వెతికేవాళ్ళకీ ఫైలు నేరుగా మెయిల్‌లో వెళ్తుంది. వాళ్ళ లాప్‌టాప్‌లో ఎవరూ వాల్యూమ్ సమానం చెయ్యరు. ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు, ఆవిడ దగ్గరా లేదు.

చివరికి కుదిరిన బేరం ఇది. ఆల్బమ్ మైనస్ 10కి కొంచెం కింద ఉంటుంది, సింగిల్‌గా వెళ్ళే పాటకి విడిగా మైనస్ 8 దగ్గర ఒక లౌడ్ మాస్టర్. వినైల్‌కి పూర్తిగా వేరే మాస్టర్, దాదాపు లిమిటర్ లేకుండా. వినైల్ విషయంలో లేబుల్ ఒక్క మాట కూడా అనలేదు, ఎందుకంటే అక్కడ పిండినా లాభం లేదు. ఎంత లౌడ్‌గా కోయాలన్నది కటింగ్ చేసేవాళ్ళ చేతిలో, ఆ వైపు నిడివి చేతిలో ఉంటుంది. క్లిప్ చేసిన మాస్టర్ ఇస్తే రికార్డు గట్టిగా మోగదు, గరగరమంటుంది. అందుకే ఒకే ఆల్బమ్ వినైల్ మీద ఒకలా, ఫోన్‌లో ఇంకోలా ఉంటుంది. "వినైల్ సౌండే వేరు" అని మురిసిపోయేవాళ్ళలో కొందరు మురిసిపోతున్నది నిజానికి వేరే మాస్టర్ విని.

ఆల్బమ్ మాస్టర్ కోసం ఆవిడ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఆ ఖాళీ బీట్ పాటలో చరణాన్నే ఒక డెసిబెల్ దించేశారు. పల్లవికి కొత్తగా ఏమీ కలపలేదు. కానీ ఫ్లామ్ పడే చోట పాట గది నిండా వ్యాపిస్తుంది. మా గిటారిస్టు కూడా విని "ఇక్కడ గిటార్లు పెంచారా?" అని అడిగాడు.

విడుదలయ్యాక సింగిల్, ఆల్బమ్ వెర్షన్ రెండూ స్ట్రీమింగ్‌లో పక్కపక్కనే ఉన్నాయి. అదే పాట, అవే గిటార్లు, అదే నా స్నేర్. వాల్యూమ్ సమానం చేసే సెట్టింగ్ ఉంచుకుని వింటే సింగిల్ పల్లవి ఆల్బమ్ పల్లవి ముందు తేలిపోతుంది. సెట్టింగ్ తీసేస్తే సింగిల్‌దే పైచెయ్యి. లేబుల్ సింగిల్‌నే ప్లేలిస్టుల్లోకి తోసింది కాబట్టి ఎక్కువమంది విన్నదీ అదే. అది లౌడ్‌గా ఉండబట్టి ఎక్కువ విన్నారా, ముందుకి తోయబట్టి విన్నారా అంటే రెండోదే అని నేనంటాను, మొదటిదే అని మా గిటారిస్టు అంటాడు. వాడికి ఇప్పటికీ సింగిలే ఇష్టం, మా ఇద్దరికీ రిహార్సల్‌లో దీనిమీద గొడవ మామూలే.

రెండో ఆల్బమ్ ఒప్పందం రాసుకునేటప్పుడు మూడు విషయాలు రాయించమన్నాం. లిమిటర్ లేని మిక్స్‌లు కూడా మాకు ఇవ్వాలి. లేబుల్‌కి వెళ్ళే ప్రతి రఫ్ మిక్స్‌కి రెండు ఫైళ్ళు వెళ్ళాలి, లిమిటర్‌తో ఒకటి, లేకుండా ఒకటి. మాస్టర్ మీద ఆఖరి మాట బ్యాండ్‌ది. ఏ అండ్ ఆర్ ఆయన మొదటి రెండింటికీ తల ఊపాడు. మూడోదాని దగ్గర ఆగి, కాసేపు ఆలోచించి, "సింగిల్స్‌కి ఇది వర్తించదు" అని ఒక లైను చేర్పించాడు. సంతకాలు పెట్టేశాం.